ఒకే పిస్టల్ రెండు పనులకా?



ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఒక సోదరి ప్రశ్న నన్ను ఆలోచనలో పడేసింది. ఊరి చివర యిల్లు, భర్తకు రాత్రి డ్యూటీలు, యింట్లో యిద్దరు చిన్నపిల్లలు. "గురిచూసి కాల్చడం నేర్చుకోవాలని వుంది. అదే పిస్టల్ యింటి రక్షణకు కూడా పనికొచ్చేటట్లు ఎలాంటిది కొనమంటారు?" అని అడిగారు.

ఆడవాళ్ళకు తుపాకీ గొడవేమిటని ముక్కున వేలు వేసుకోకండి. మన హైదరాబాదు పిల్ల ఈషా సింగ్ 2018లో, పదమూడేళ్ళ వయసులో, పెద్దవాళ్ళ జాతీయ పోటీల్లో ఎయిర్ పిస్టల్ బంగారు పతకం గెలుచుకుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ అనే ఆవిడ మనుమరాలిని నేర్చుకోవడానికి తీసుకెళ్ళి, అరవై దాటిన వయసులో తానే పిస్టల్ పట్టారు. 2021లో కన్నుమూసేదాకా అందరూ ఆవిడను షూటర్ దాదీ అనే పిలిచారు.

కాబట్టి నేర్చుకోండి, తప్పకుండా నేర్చుకోండి. కానీ ఒకటే పిస్టల్ రెండు పనులకూ అంటే మాత్రం కుదరదు. కత్తిపీట కత్తిపీటే, మంగలికత్తి మంగలికత్తే.

ముందు ఆట సంగతి చూద్దాం. మొదలుపెట్టేవారికి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ మేలు. మందుగుండు వుండదు, నొక్కిపెట్టిన గాలి బలంతో 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు పోతుంది. 0.177 అంగుళాల లోపు గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి వున్న వాటికి 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. బరువు కిలోన్నర మించరాదని పోటీల నియమం. చాలావరకు కిలోకు అటూ యిటూ వుంటాయి. యిదెంత అనుకుంటున్నారా? కిలో కందిపప్పు పొట్లం ఒంటిచేత్తో పట్టుకుని, చెయ్యి చాచి, నిమిషంసేపు నిలబడి చూడండి, తెలుస్తుంది! పోటీలో అలా అరవై సార్లు ఎత్తి దించాలి. పది మార్కుల చుక్క వెడల్పు పదకొండున్నర మిల్లీమీటర్లు, అంటే ఒక బొట్టుబిళ్ళంత.

ఎన్నికలో అన్నిటికంటే ముఖ్యం పిడి. గాజులు వేయించుకునేటప్పుడు పక్కావిడ సైజు మనకు పనికొస్తుందా? యిదీ అంతే. అరచెయ్యి నిండాలి, బిగించి పట్టుకోవలసిన పని వుండకూడదు, చూపుడువేలు ట్రిగ్గర్‌ను నిటారుగా తాకాలి. ఎడమచేతివాటం వారికి వేరే పిడి వుంటుంది. పోటీ పిస్టల్ ట్రిగ్గర్ అరకిలో బరువుకు తగ్గకుండా లాగాలి. యిది దుకాణంలో చెప్పింది నమ్మక, తూకం వేయించి చూసుకోవాలి. స్టెయర్, మొరీని, పార్దీని వంటి విదేశీ సరుకు ఖరీదు మన బంగారం బేరం లాంటిదే. అందుకని మొదటి ఆరు నెలలు ఏదీ కొనకండి. శిక్షణ కేంద్రంలో వున్నవాటితోనే నేర్చుకుంటే మీ చేతికి ఏది కావాలో చెయ్యే చెబుతుంది.

అయితే ఈ ఎయిర్ పిస్టల్ దొంగను ఆపదు. అలాగని ఆటబొమ్మా కాదు. దగ్గరనుంచి తగిలితే పిల్లవాడి కన్ను పోతుంది. తాళంలోనే వుండాలి.

యింటి రక్షణకంటే మన చట్టంలో మామూలు పౌరులకు ఎక్కువగా దొరికేది 0.32 రివాల్వరో పిస్టలో. 9 మిల్లీమీటర్లది మనబోటివారికి యివ్వరు. 2014లో కాన్పూరు కర్మాగారం ఆడవాళ్ళను దృష్టిలో పెట్టుకుని 'నిర్భీక్' అనే చిన్న రివాల్వర్ తెచ్చింది. బరువు అరకిలో, ధర అప్పుడే లక్షా యిరవై వేల పైన. తేలిక గదా అని సంబరపడకండి. తుపాకీ ఎంత తేలికైతే వెనక్కి తన్నే తన్ను అంత గట్టిగా వుంటుంది. గొట్టం పొట్టి, ట్రిగ్గర్ బరువు. దానితో బొట్టుబిళ్ళను కొట్టడం మాట అటుంచండి.

లైసెన్సుకు యిరవై ఒక్కేళ్ళు నిండాలి, పోలీసు విచారణ జరగాలి, వాడకం నేర్చినట్లు కాగితం చూపాలి. ఎన్నికలొస్తే పోలీసులు పిలిచి స్టేషనులో అప్పగించమనవచ్చు. యిక ఇంట్లో వుంచితే తాళం వేసిన బీరువాలో వుంచాలి. పిల్లలున్న యిల్లు కనుక తూటాలు వేరే చోట. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే నిద్రకళ్ళతో తాళంచెవి వెతికి, తూటాలు నింపి, చీకట్లో ఎదుట నిలబడ్డది దొంగో, డ్యూటీ ముందే ముగించుకొచ్చిన భర్తో పోల్చుకోవాలి. అలాగని తలగడ కింద పెట్టుకుంటారా, పొద్దున లేచేసరికి అది పిల్లల చేతిలో వుంటుంది. ఆత్మరక్షణ హక్కు చట్టంలో వుంది, నిజమే. కానీ అవసరానికి మించిన హాని చేయరాదని కూడా వుంది. గోడ దూకి పారిపోయేవాడి వీపున కాల్చడం రక్షణ కాదు.

మరొక మాట, మగవారికి కోపం వచ్చినా సరే. తుపాకీ తరచు ఇంటాయన పేరనే వస్తుంది. తాగివచ్చి చెయ్యి చేసుకునే మనిషి వున్న యింట్లో అది ఎవరి వైపు తిరుగుతుందో నేను చెప్పాలా? అటువంటి యింట్లోకి దాన్ని రానివ్వకండి. దరఖాస్తు విచారణకు పోలీసులు వచ్చినప్పుడు నోరు విప్పి చెప్పండి.

ఆ సోదరి యింటికి నేను కొనమనేది వెనక తలుపుకు లోపలివైపు యినుప గడియ, వసారాలో రాత్రంతా వెలిగే దీపం, కిటికీలకు గ్రిల్లు. వీలైతే ఒక కుక్క. నాటుకుక్కయినా ఫరవాలేదు, అరిస్తే చాలు. పక్కయింటివాళ్ళ నంబరు, 112 నంబరు పిల్లలకు కూడా కంఠతా రావాలి.

గురి నేర్చుకోవడానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఎత్తుమడమల చెప్పులు వద్దు, అడుగు సమంగా వుండే బూట్లు వేసుకోండి. మొదటి రోజుల్లో గుండు పెట్టనివ్వరు. ఖాళీ పిస్టల్ ఎత్తి పట్టుకుని నిలబడడమే పాఠం. భుజం లాగుతుంది. విసుగుపడి మానేయకండి.

సెలవు.