బందిఖానా నుండి రాయబారానికి



ఉగాదినాడు బందీల కథ యెందుకయ్యా అని కార్యదర్శిగారు అడిగినారు. నేను రైల్వేలో బిల్లులు వ్రాసే గుమాస్తాను. కలం పట్టి ప్రాణం దక్కించుకొన్న ఓడవాని కథ నాకు నచ్చడంలో వింత లేదు గదా!

పట్టుబడిన నావికులు మన సీమకు కొత్త కాదు. 1782లో ఫ్రెంచి నౌకాధిపతి సఫ్రెన్ తాను పట్టిన ఇంగ్లీషు నావికులను కడలూరులో హైదరలీకి అప్పగించినాడు. అప్పట్లో మన కృష్ణగిరి, ఊత్తంగరై ఉన్న ఈ బారామహలు హైదరలీదే. వారిలో జేమ్స్ స్కర్రీ అనే కుర్రవాడు శ్రీరంగపట్నంలో సుమారు పదేండ్లు చెరలో ఉండి తప్పించుకొని పోయినాడు. తన కథ వ్రాసినాడు కాని రాయబారి కాలేదు. రాయబారులైనవారు ఉత్తర ఆఫ్రికాలో అల్జీర్సు రేవున చిక్కినవారు.

1785 జూలైలో ఆ రేవు ఓడదొంగలు రెండు అమెరికా ఓడలను పట్టినారు. చిక్కినవారు ఇరవైయొక్కరు. ‘మరియా’లో పదునెనిమిదేండ్ల జేమ్స్ కాత్‌కార్ట్ ఉన్నాడు, ‘డాఫిన్’ ఓడ కప్తాను రిచర్డ్ ఓబ్రయిన్. స్వతంత్రమైన అమెరికాకు అప్పుడు ఇంగ్లీషు జండా రక్షణ లేదు, సొంత నౌకాదళమూ లేదు. విడుదలకు అల్జీర్సు పాలకుడు ‘దే’ అడిగిన సుమారు అరవై వేల డాలర్లు ఆ ప్రభుత్వానికి పెద్ద మొత్తమే. అయినా పదకొండేండ్లా? ఈ ఆలస్యాన్ని నేను క్షమించలేను. ఆ లోపల కొందరు ప్లేగుతో పోయినారు.

కాత్‌కార్ట్ మొదట దొరతోటలో సింహాలకు, పులులకు మేత వేసినాడు. స్పానిషు మాట్లాడగలడు, లెక్క వ్రాయగలడు. అందువల్ల రేవు గుమాస్తా అయి, 1792లో దే కొలువున క్రైస్తవ కార్యదర్శి అయినాడు. మధ్యలో సారాయి అంగళ్లు కొని సొమ్ము చేసుకొన్నాడు. తోటి బందీలు రాళ్లు మోస్తుంటే ఇదేమి వ్యాపారమని కొందరికి తోచవచ్చు. ఆ సొమ్ముతోనే రోగులను ఆదుకొన్నానని అతడు చెప్పుకొన్నాడు. ఆకలిగొన్నవాని తప్పు నేనెంచను. ఇంట తెలుగు, బడిలో తమిళం, సంతలో ఉర్దూ మాట్లాడే మన పిల్లలను చూచినప్పుడల్లా అతడు జ్ఞాపకం వస్తాడు.

1795లో సంధి కుదిరినప్పుడు అమెరికా దూతకూ దేకూ నడుమ తిరిగినవాడు ఈ బానిసే. మరుసటి సంవత్సరం సొంత ఓడలో ఉత్తరాలు పట్టుకొని అమెరికా చేరినాడు. మిగిలిన బందీలూ ఆ యేడే విడుదలైనారు.

1797లో ఓబ్రయిన్‌ను అల్జీర్సుకే ప్రధాన కాన్సలుగా, కాత్‌కార్ట్‌ను ట్రిపోలీకి కాన్సలుగా నియమించినారు. ఇద్దరికీ పడలేదు. కాత్‌కార్ట్ భార్యకు తోడుగా వచ్చిన అమ్మాయిని ఓబ్రయిన్ పెండ్లాడడంతో తగవు ఇంకా ముదిరింది. చెరసాల స్నేహాలు ఇట్లాగూ ఉంటాయి!

1801 మే 14న ట్రిపోలీ పాషా అమెరికా జండాకొయ్య నరికించి యుద్ధం ప్రకటించినాడు. ఆ పిమ్మట ఓబ్రయిన్ స్థానంలో కాత్‌కార్ట్‌ను అల్జీర్సుకు పంపదలచితే దే ఒప్పుకోలేదు. వీడు పోయినచోటల్లా చిక్కులే అన్నాడు. తాను పదకొండేండ్లు కట్టుబడిన ఊరిలోకి రాయబారిగా అడుగుపెట్టే భాగ్యం కాత్‌కార్ట్‌కు దక్కలేదు. తరువాత మదీరా దీవిలోనూ, స్పెయిన్ లోని కాదిజ్‌లోనూ కాన్సలుగా ఉండి 1843లో చనిపోయినాడు. చెరలో పడ్డ పాట్లను అతడు వ్రాసిపెట్టిన కాగితాలను కూతురు 1899లో అచ్చువేయించింది.