ఎప్పింగు అడవిలో ఒకనాటి నడక

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున గావించిన ప్రసంగము)



అడవి యనగానే మనకు దండకారణ్యమో, నల్లమలయో స్ఫురించును. నేడు నేను ముచ్చటింపదలచినది లండను నగరమునకు ఈశాన్యమున నున్న ఎప్పింగు అడవిని గూర్చి. దాని విస్తీర్ణము సుమారు 6,000 ఎకరములు. దక్షిణమున మేనర్ పార్కు మొదలుకొని ఉత్తరమున ఎప్పింగు పట్టణము వరకు 15 మైళ్ల కాలిబాట కలదు. అడవిని రక్షించిన శాసనమునకు నూరేండ్లు నిండిన సందర్భమున, 1978లో, దానిని ఏర్పరచిరి. ఉదయమున బయలుదేరి సాయంకాలమునకు నేను దానిని నడచి ముగించితిని. ఆ నడకలో నాకు బోధపడిన విషయ మొక్కటి. ఈ అడవిని మొదట నిలిపినవారు రాజులు కారు, ధనికులు కారు. తమ హక్కును ఏటేట వాడుకొనుచు వచ్చిన పేదవారు.

బాట మొదట వాన్‌స్టెడ్ ఫ్లాట్స్ అను పచ్చికబయలు మీదుగా సాగును. దాని చేరువనే వాన్‌స్టెడ్ పార్కు కలదు. 1673లో ఆ ఎస్టేటును కొన్న జొసయ్యా చైల్డ్ అనునతడు తరువాత ఈస్టిండియా కంపెనీకి గవర్న రయ్యెను. ఆ కంపెనీకి మన మచిలీపట్నమున 1611 నుండియు వర్తకస్థాన ముండెను. మన నేతగాండ్ర వస్త్రములను ఓడల కెత్తించిన కంపెనీ అదియే. ఆయన కుమారుడు అచట మహాసౌధమును కట్టించెను. అది సుమారు నూరేండ్లు మాత్రమే నిలిచెను. 1820వ దశకమున అప్పులు తీర్చుటకై దానిని కూలగొట్టి, రాళ్లను సైతము విక్రయించిరి. చెరువులును చెట్లును మాత్రము మిగిలినవి. 1882 నుండి ఆ ఉద్యానము ప్రజల సొత్తు.

అచటినుండి ఉత్తరముగ పోవుకొలది అడవి చిక్కనగును. ఓకు, బీచి, హార్న్‌బీము అను చెట్లు అందు ముఖ్యములు. వానిలో వేలకొలది చెట్ల ఆకారము విచిత్రముగ నుండును. మొదలు పొట్టిగను మిక్కిలి లావుగను ఉండి, మనుష్యుని తలకు మించిన ఎత్తున ఒక్కసారిగ అనేక శాఖలు చీలును. ఇది ప్రకృతి చేసిన పని కాదు. గ్రామస్థులు వంటచెరకునకై పశువులకు అందని ఎత్తున కొమ్మలు నరకెడివారు. కొన్ని యేండ్లకు మరల చిగురించిన కొమ్మలను మరల నరకెడివారు. చెట్టు చావలేదు, పల్లెలో పొయ్యి ఆరలేదు.

చింగ్‌ఫర్డు చెంత 1543లో ఎనిమిదవ హెన్రీ రాజునకై కట్టిన వేటమేడ నేటికిని నిలిచియున్నది. వేట రాజుదైనను, పశువులను మేపుకొను హక్కు పల్లెవాసులది. లౌటన్ గ్రామస్థులకు కొమ్మలు నరకుకొను హక్కు కూడ నుండెను. కాలక్రమమున రాజులకు వేటపై ఆసక్తి తగ్గినది. భూస్వాములు కంచెలు వేయ నారంభించిరి. పొరుగున నున్న హైనాల్టు అడవి 1851 నాటి చట్టముతో రాజరికపు అడవి యన్న రక్షణ కోల్పోయి చాలవరకు గొడ్డలి పాలయ్యెను.

లౌటన్‌లో ఒక ఆచార ముండెను. నవంబరు 11వ తేదీ అర్ధరాత్రి గ్రామస్థులు అడవి కేగి తొలికొమ్మ నరుకవలెను. ఒక్క యేడు తప్పినను హక్కు నశించునని వారి విశ్వాసము. 1860వ దశకమున అచటి భూస్వామి వెయ్యి ఎకరములకు పైగా కంచె వేసినను, థామస్ విల్లింగేల్ అను కట్టెల పనివాడు ఆచారము మానలేదు. 1866లో ఆతని కుమారుడును మరి ఇద్దరు బంధువులును కొమ్మలు నరకినందుకు చెరసాల కేగిరి. అతడు న్యాయస్థానము నాశ్రయించెను గాని, తీర్పు రాకమునుపే 1870లో మరణించెను.

పోరు అంతటితో ఆగలేదు. మేనర్ పార్కు చెంత లండను నగర కార్పొరేషనుకు శ్మశానభూమి యుండెను. ఆ భూమి గలవారికి అడవిలో పశువులను మేపుకొను హక్కు కలదు. ఆ హక్కునే ఆధారముగ గొని కార్పొరేషను 1871లో వ్యాజ్యము వేసి, 1874లో గెలిచెను. 1878లో శాసనము వచ్చెను. 1882 మే 6వ తేదీన విక్టోరియా రాణి స్వయముగ వచ్చి అడవిని ప్రజల కంకిత మొనర్చెను.

అయితే కథలో ఇంకొక మలుపు కలదు. శాసనము అడవిని కాపాడెను గాని, కొమ్మలు నరకు హక్కును రద్దు చేసెను. అందులకు బదులుగ ఇచ్చిన ద్రవ్యముతో లౌటన్‌లో 1884లో ఒక సభాభవనము వెలసినది. ఇక చెట్లను ముట్టువారు లేరైరి. కొమ్మలు ఏనుగుల వలె బలిసి, నేలకు వెలుతురు కరవయ్యెను. నీడన పూలమొక్కలు క్షీణించినవి. బరువున కొన్ని చెట్లు చీలినవి. నేడు అడవిని పాలించువారు ఎంపికచేసిన చోట్ల పాతపద్ధతిని మరల ఆచరించుచున్నారు. చట్టము నేలను నిలుపగలదు. వాడుక లేనిదే దానిపై పెరిగిన దానికి ప్రాణము నిలువదు.

విద్యార్థులారా! మన రాజ్యాంగపు 30వ అధికరణము భాషాల్పసంఖ్యాకులకు విద్యాలయములు స్థాపించుకొను హక్కు నొసగినది. 1956లో చేరిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపుమని రాష్ట్రములను ఆదేశించుచున్నది. ఇవి మన కంచెలేని అడవులు. తరతరములుగ ఈ నేలపై స్థిరపడి, ఇచటి భాషను గౌరవముతో నేర్చిన మనము తెలుగును కూడ నిలుపుకొంటిమన్న, అది కాగితమున వ్రాసియున్నందువలన కాదు. ఏటేట ఒక తల్లి తన బిడ్డను తెలుగు తరగతిలో చేర్చుటవలన, ఇంటిలో అవ్వ చెప్పు కథను ఆ బిడ్డ తెలుగుననే తిరిగి చెప్పుటవలన.

ఆ తొలికొమ్మ నరుకవలసిన గడియ మనకు ప్రతి సంవత్సరము పాఠశాల తెరచు దినముననే వచ్చును. దానిని తప్పనీయకుడని కోరుచున్నాను.