చలువ పనివారి సంఘాలు – ఒక చిన్న చరిత్ర
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



“సర్వీసంతా ఏసీ ప్లాంటులోనే గడిపారు గదా, దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పండి” అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. భోజనాల ముందు యంత్రాల గురించి చెబితే మీరు నన్ను క్షమించరు. అందుచేత ఆ యంత్రాలు బిగించేవారి సంఘాల గురించి చెబుతాను. మనదీ సంఘమే గనుక కొన్ని సంగతులు మనకూ తగులుతాయి.

ముందు అమెరికా సంగతి. అక్కడిది చలి బాధ. ఇళ్లకు, బడులకు ఆవిరి గొట్టాలు, వేడినీటి గొట్టాలు బిగించే కాంట్రాక్టర్లు 1889లో ‘మాస్టర్ స్టీమ్ అండ్ హాట్ వాటర్ ఫిట్టర్స్’ పేరిట జాతీయ సంఘం పెట్టుకున్నారు. రేట్లు, కూలీలు, సరుకు – ఏ కాంట్రాక్టర్ల సంఘానికైనా ఉండే గొడవలే. 1894లో హ్యూ బ్యారన్ అనే ఆయన వారి సమావేశంలో ఒక సాంకేతిక వ్యాసం చదివారు. ఇటువంటి చర్చలకు ఇది చోటు కాదన్నట్లుగా వ్యవహరించారు అక్కడివారు. బ్యారన్, మరికొందరు కలిసి అదే ఏడాది న్యూయార్కులో ఇంజనీర్లకు వేరే సంఘం స్థాపించారు. ఆ సంఘం మరుసటి ఏడే, అంటే 1895లో, గదిలో ఉన్న ఒక్కొక్కరికి నిమిషానికి కనీసం 30 ఘనపుటడుగుల బయటి గాలి అందాలని సిఫారసు చేసింది. 1920ల నాటికి ఇరవైకి పైగా రాష్ట్రాలు దాన్ని చట్టాలలో చేర్చుకున్నాయి. చిన్నచూపుకు గురైన వ్యాసం వల్ల పుట్టిన సంఘం బడిపిల్లలకు గాలి ఇప్పించిందన్నమాట.

మంచు తయారీ, శీతల యంత్రాల వారు 1904లో మరో సంఘం పెట్టుకున్నారు. (మనం ఏసీని ఒక టన్ను, ఒకటిన్నర టన్ను అంటామే, అది పెట్టె బరువు కాదు. సుమారు 907 కిలోల మంచు 24 గంటలలో కరగడానికి పట్టే వేడి, ఒక టన్ను. మంచు వ్యాపారం నాటి కొలత ఇంకా పోలేదు.) ఈ రెండు సంఘాలూ 1959లో కలిసిపోయి ‘ఆష్రే’ అయినాయి.

మన దేశంలో ఈ పని పెద్ద కంపెనీలతో స్థిరపడింది. 1943లో బ్లూస్టార్, 1954లో వోల్టాస్. మన హైదరాబాదులో 1942లో పుట్టిన ఆల్విన్ సంగతి మీకు నేను చెప్పాలా? ఈ హాలులో సగం ఇళ్లకు మొదటి ఫ్రిజ్ అదే అయివుంటుంది. 1981లో ఢిల్లీలో ఇంజనీర్ల సంఘం ‘ఇష్రే’ ఏర్పడింది. తర్వాత హైదరాబాదులోనూ శాఖ వచ్చింది. మంచి సంఘమే. అయితే షాపంతా స్కూటరు డిక్కీలో పెట్టుకుని తిరిగే మెకానిక్ సాధారణంగా దాని గడప తొక్కడు. అతడు ఉస్తాద్ దగ్గర నేర్చుకున్నవాడు.

అతని కష్టం గ్యాసులతో వచ్చింది. ఓజోను పొర కోసం 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశం చేరింది. మన పాత ఫ్రిజ్‌ల ఆర్-12 వంటి సి.ఎఫ్.సి.ల వాడకం 2010 నాటికి ఆగింది. తర్వాత ఆర్-22 వంతు వచ్చింది. ఇప్పుడు గది ఏసీలలో ఎక్కువగా ఆర్-32, ఫ్రిజ్‌లలో ఆర్-600ఏ. మొదటిది కొద్దిగా అంటుకునేది. రెండోది సులభంగా అంటుకునేది. ప్రభుత్వం జాతీయ పథకం కింద శిక్షణ ఇప్పించిన మాట నిజమే. కాని అందరికీ అందలేదు. ఊరి సంఘం పూనుకుంటే గాని అందదు.

మా ఊళ్లో అటువంటి చిన్న సంఘం ఒకటి ఉంది. రిటైరయ్యాక నన్ను ఒకసారి పిలిచారు. రెండు గంటలు బిగింపు రేట్ల మీదే సాగింది. నేను తప్పుపట్టను, వేసవి మూడు నెలల సంపాదనతో ఏడాదంతా నెట్టుకురావాలి వాళ్లు. చివర్లో ఒక కుర్రవాడు లేచి, “సార్, లీకు చూడటానికి నైట్రోజన్ దొరక్కపోతే ఆక్సిజన్ పెట్టొచ్చా?” అన్నాడు. వెల్డింగు కోసం ఆ సిలిండరు ఎలాగూ దగ్గరుంటుంది మరి. కంప్రెసరులో నూనె ఉంటుంది. ఒత్తిడి మీద ఆక్సిజన్ దానికి తగిలితే పేలిపోతుంది. మనుషులు పోతారు. ఆ మాట చెప్పేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. అడిగినవాడు ఒక్కడే గాని, ఆ సందేహం చాలామందిదని వాళ్ల మొహాలే చెప్పాయి.

ఆ తర్వాత వాళ్లు చందాలు వేసుకుని ఒక నైట్రోజన్ సిలిండరు, రెగ్యులేటరు, ఒక వాక్యూమ్ పంపు కొన్నారు. సభ్యులు పుస్తకంలో సంతకం పెట్టి వంతులవారీగా తీసుకెళ్తారు. నేను చూసినంతలో ఆ సంఘం చేసిన గొప్ప పని అదే.

ఇక మన వంతు. మీ ఇంటికి మెకానిక్ వస్తే లీకు పరీక్ష దేనితో చేస్తున్నావని అడగండి, అబ్బాయిలచేత అడిగించండి. నైట్రోజన్ ఖర్చు దగ్గర మాత్రం బేరమాడకండి. మరొక మనవి. వేసవికి ముందు, ఫిబ్రవరిలో, రెండు ఆదివారాలు కుర్ర మెకానిక్‌లకు కొత్త గ్యాసుల మీద తరగతులు పెట్టాలని వాళ్ల కోరిక. చోటు లేదు. మన భవనం ఆదివారాలు ఖాళీయే. అద్దె లేకుండా ఇప్పించవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. కరెంటు ఖర్చు వాళ్లే పెట్టుకుంటారట. చెప్పడానికి నేను వస్తాను.