మన ఊళ్లో మందు సంగతి తేల్చాల్సింది మన గ్రామసభే



ఇప్పసారాలో ఏముంటదో మీకు ఒకరు చెప్పే పని లేదు. ఎండాకాలం మొదట్లో తెల్లారేసరికి రాలిన పువ్వు ఏరుతాం, ఎండబెడతాం, నానేసి పులియబెట్టి కాస్తాం. పువ్వు, నీళ్లు, నిప్పు, అంతే. ముందు వేల్పులకు పోసి, తర్వాతే మనం తాగుతాం. జీలుగు కల్లుకైతే కాచే పని కూడా లేదు, చెట్టు ఇచ్చిందే.

మరి బయటి నుంచి వచ్చిన సరుకులో ఏముంది? గుడుంబాలో నల్లబెల్లం, పటిక. బెల్టుషాపు క్వార్టర్‌లో చెరకు మడ్డి నుంచో, నూకల నుంచో తీసిన స్పిరిట్, దానికి రంగు, రుచి. దానికి పండగతో పనిలేదు. రోజూ దొరుకుద్ది, అప్పుకీ దొరుకుద్ది. కూలి డబ్బు ఊరు దాటి పోతది.

అట్లాగని ఇప్పసారా మనదే కదా అని పొద్దున్నుంచి తాగితే అది సంస్కృతి కాదు. ఆ ఇంట్లో దెబ్బలు తినేది మన అక్కచెల్లెళ్లే.

1996 పెసా చట్టం ఏం చెప్పిందో గుర్తు పెట్టుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని ఆపే, కట్టడి చేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది. 2006 అటవీ హక్కుల చట్టం ఇప్పపువ్వు లాంటి అడవి ఫలసాయం మీద మన హక్కును ఒప్పుకున్నది.

చర్ల, దుమ్ముగూడెం, ములకలపల్లి యువతను అడుగుతున్నా: వచ్చే గ్రామసభలో ఈ మాట ఎత్తండి. ముందు ఆడవాళ్లను మాట్లాడనీయండి. బెల్టుషాపు వద్దని, ఇప్పసారా కొలుపులకు ఎంతవరకని తీర్మానం రాసి సంతకాలు పెట్టండి.

మన ఊళ్లో మన రాజ్యం అంటే ఇదే. జై ఆదివాసీ!