రాజ్‌దూత్ 350 ముందు ఫోర్కు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెన్షను, డి.ఏ., బి.పి. మాత్రలు – మన సమావేశాల్లో ఈ మూడూ అయ్యాక నాలుగో విషయానికి వేళ ఉండదు. వర్కుషాపులో పనిచేసినవాణ్ణి గనుక ఈసారి నాకు కొంత సమయం ఇచ్చారు.

మన సభ్యుల్లో ఒకరు కాలం చేశారు. ఆయన ప్రాణంగా చూసుకున్న రాజ్‌దూత్ 350ని ఇప్పుడు వారి అబ్బాయి నడుపుతున్నాడు. బ్రేకు వేస్తే ముందు భాగం నేలకు వంగిపోతోందనీ, మలుపుల్లో హ్యాండిలు ఊగుతోందనీ నా దగ్గరకు తెచ్చాడు. కొత్త బండి ఫోర్కు, డిస్కు తెచ్చి మొత్తం మార్చేయమని అందరూ చెప్పారట. "అది నాన్న బండి బాబాయ్, దాన్ని వేరే బండి చేయలేను. కానీ అమ్మ మాత్రం దీన్ని అమ్మెయ్యమంటోంది, భయమట" అన్నాడు. ఆ తల్లి భయం న్యాయమైనదే.

ఈ బండి జపాను యమహా ఆర్.డి. 350కి మన దేశపు రూపం. ఎస్కార్ట్స్ వారు 1983లో తెచ్చారు. 347 సి.సి., రెండు సిలిండర్ల టూ స్ట్రోకు. వేగం ఇచ్చారుగానీ జపాను బండికున్న ముందు డిస్కు తీసి డ్రమ్ము పెట్టారు. ఫోర్కు ఎంత బాగుచేసినా డ్రమ్ము డిస్కు అవదు. ఆ మాట అబ్బాయికి ముందే చెప్పాను. ఇక మొత్తం మార్పిడి అంటారా, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒకటుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మారిస్తే ఆర్.సి. దగ్గర చిక్కే.

ఫోర్కు విప్పేముందు కోన్‌సెట్టు చూడాలి. ముందు చక్రం గాలిలోకి లేపి హ్యాండిలును నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే, సరిగ్గా మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగింది. గిన్నెల్లో గుంటలు పడ్డాయన్నమాట. ఊగడానికి సగం కారణం అదే. సెట్టు మొత్తం మార్చాం. తర్వాత లోపలి గొట్టాలను దళసరి అద్దం మీద దొర్లించి వంపు లేదని చూసుకున్నాం. ఆయిల్ సీలు తిరిగే చోట తుప్పు గుంటలుంటే ఎన్ని సీళ్ళు వేసినా కారుతూనే ఉంటుంది; హార్డ్ క్రోము చేయించాల్సిందే. అదృష్టం, ఇక్కడ ఆ ఖర్చు తప్పింది.

ఆయిలు వంపితే అసలు సంగతి బయటపడింది. ఒక కాలిలో ఉన్నదానిలో సగం కూడా రెండోదానిలో లేదు, పైగా అది ఇంజను ఆయిలు. ఎవరు పోశారో మనకెందుకు! రెండు కాళ్ళలోనూ ఆయిలు మట్టం సమానంగా ఉండాలి. పైన మిగిలే గాలి కూడా ఒక స్ప్రింగే. మట్టం పెంచితే చివర్లో అది గట్టిపడుతుంది. మరీ పెంచితే సీలు తన్నేస్తుంది.

ఇప్పుడు స్ప్రింగు. మనిషి కూర్చున్నప్పుడు ఫోర్కు తన మొత్తం కదలికలో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య దిగాలి. గొట్టానికి రబ్బరు బ్యాండు చుట్టి కొలవచ్చు. ఎక్కువ దిగితే స్ప్రింగు మీద గుల్ల గొట్టం ముక్క, దానికి వాషరు వేస్తారు. దీనితో స్ప్రింగు గట్టిపడిందనుకుంటారు చాలామంది. ఒక్కో స్ప్రింగును మిల్లీమీటరు నొక్కడానికి అరకిలో కావాలనుకుందాం, రెండింటికీ కిలో. 20 మిల్లీమీటర్లు ముందే నొక్కి ఉంచితే 20 కిలోల దాకా ఫోర్కు కదలదు, ఆపైన ప్రతి కిలోకూ మళ్ళీ మిల్లీమీటరే. బండి ఎత్తు మారుతుంది, స్ప్రింగు గుణం మారదు. అరిగి కుంగిన స్ప్రింగుకు మందు కొత్త స్ప్రింగే. అబ్బాయి బండికి అవే వేశాం. పై బోల్టు విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోండి, స్ప్రింగు ఎగదన్నుతుంది.

చిక్కటి ఆయిలు పోస్తే వంగడం తగ్గుతుందని ఇంకో వైద్యం ఉంది. కొంతవరకు నిజమే. అయితే ఈ ఫోర్కులో ఆయిలు రాడ్డుకున్న చిన్న రంధ్రాల్లోంచి పోవాలి. వేగం రెట్టింపైతే అడ్డు నాలుగింతలవుతుంది. నెమ్మదిగా వంగేటప్పుడు మెత్తన, గోతిలో పడితే మణికట్లు విరిగేంత గట్టి – పాత ఫోర్కుల జాతకమే అది. చిక్కటి ఆయిలుతో గోతి దెబ్బ ఇంకా పెరుగుతుంది. పైగా డబ్బా మీద అంకె ఒకటే అయినా కంపెనీని బట్టి చిక్కదనం మారుతుంది. ఒకే కంపెనీది పట్టుకుని దానిలోనే హెచ్చుతగ్గులు చూసుకోవాలి.

దీనికి విదేశాల్లో ఎమ్యులేటరు అనే కవాటం దొరుకుతుంది. రాడ్డు తల మీద కూర్చుంటుంది. నెమ్మది కదలికకు మూసుకుని, గట్టి దెబ్బకు తెరుచుకుంటుంది. అది పనిచేయాలంటే రాడ్డు రంధ్రాలు పెద్దవి చేయాలి, మళ్ళీ పూడ్చడం కష్టం. మంచి సాధనమే, కాదనను. కానీ మిగతావన్నీ సరిచేసి నెల రోజులు నడిపాకే ఆలోచించమన్నాను.

బిగించేటప్పుడు ఒక మాట. ఇరుసు నట్టు బిగించి, కింది క్లాంపు వదులుగా ఉంచి, ఫోర్కును నాలుగైదుసార్లు నొక్కి వదిలి, అప్పుడు క్లాంపు బిగించాలి. లేకపోతే కాళ్ళు రెండూ ఒకదాన్నొకటి లాక్కుని బిగుసుకుంటాయి.

వాళ్ళమ్మగారు వెనక కూర్చుని గుడి దాకా వెళ్ళొచ్చారట. "బ్రేకు ఇంకాస్త ముందుగా వెయ్యమని వాడికి చెప్పండి" అని కబురు పంపారు. చెప్పాను. సీళ్ళ దగ్గర నూనె చారలున్నాయేమో చూడటానికి వచ్చే ఆదివారం బండి మళ్ళీ మా ఇంటికొస్తుంది. చూడాలనుకున్నవారు పదింటికి రావచ్చు, కాఫీ మాదే.