కొల్లేటి నీరు, కాంటూరు గీత
(ఏలూరు సభయందలి ఉపన్యాస పాఠము)



కొల్లేరనగా గోదావరీ కృష్ణా డెల్టాల నడుమ వాననీరు నిలిచిన పల్లమని తలచువారు మనలో ననేకులు గలరు. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి తెచ్చిన వరద యిందు నిలిచి, పిమ్మట ఉప్పుటేటి గుండ సుమారు 60 కిలోమీటర్లు నడచి సముద్రమును జేరును. వర్షాకాలమున నీరు పొంగును. వేసవిని అంచులు బయటపడును. ఈ పొంగు క్రుంగులే యచ్చటి జీవరాశికి ఆధారము. లోతుననొక మొక్క, మెరకననొక మొక్క. ఒకచోట కలువ, వేఱొకచోట కిక్కిస, తుంగ. బురదలో నత్తలుండును గనుక నత్తగుల్లకొంగ వచ్చును. దాని ముక్కు నడుమ సందేలయని చిన్ననాడు మేమును వింతపడితిమి. కొఱ్ఱమీను పైకివచ్చి గాలి పీల్చును. ఇతర చేపలు చచ్చు మురుగునందును బ్రదుకును. నాచు నడుమ గ్రుడ్లుపెట్టి పిల్లలను గాచును.

చేపలచెరువున నీ వైవిధ్యము లేదు. గట్టువేసి, నాచు తీసి, నీటిమట్టము నిలిపి బొచ్చెను, శీలావతిని పెంచుదురు. ఆ వృత్తిని మేము నిందించుట లేదు. అది వేలమందికి అన్నము పెట్టుచున్నది. కాని దానికి తావు సరస్సు గర్భము కాదు. ఆటపాకలో గూడబాతులు ఇనుప మంచెలపై గూళ్లు పెట్టుచున్నవి. చూచి సంతోషించువారు సంతోషింతురు గాక, చెట్లేమాయెనని మేమడుగుదుము.

1999లో ప్రభుత్వము ఐదవ కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను. 2002లో కొల్లేరు రాంసార్ ఒడంబడిక జాబితా కెక్కెను. 2006లో ప్రభుత్వమే చెరువుగట్లను తెగగొట్టించెను. 2008లో సరిహద్దును మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని శాసనసభ తీర్మానించెను! న్యాయవాదులమగు మాకు గీతల విలువ తెలియును. కాని వరద తీర్మానములను చదువదు. గట్లడ్డగించిన నీరు ఊళ్లమీదికే పోవును.

జీవనోపాధి మాటయో? మత్స్యకార సంఘముల పేరిట నేర్పడిన చెరువులు క్రమముగా ధనికుల కౌలులోనికి పోయిన సంగతి మీరెఱుగనిదికాదు. గట్టు తెగినచో పెట్టుబడిదారుడు వేఱొకచోట త్రవ్వుకొనగలడు. వలయే ఆస్తియైన వడ్డీల కుటుంబములకు సరస్సుదప్ప గతి లేదు. వారి పట్టాభూములు కొన్ని యీ సరిహద్దులోనే చిక్కుకొన్నవి. నష్టపరిహారమియ్యక గీతను మాత్రము చూపుట న్యాయము కాదు. ఆ బాకీని సాకుగా జేసి గీతను చెరపుటయు న్యాయము కాదు.

కౌలుకాగితములు, పట్టాలు గలవారు సభ ముగియగానే మావద్దకు రావలెను. గ్రామము గ్రామముగా పట్టికలు వ్రాయుటకు అక్షరజ్ఞానముగల యువకులు పదిమంది కావలెను.