"ఎవరికీ చెప్పొద్దు మచ్చా" అన్నాడు. మూడు వారాలు నేను ఎవరికీ చెప్పలేదు

ఈ రోజు ఎపిసోడ్‌లో జోకులు తక్కువ ఉంటాయి. మీరు హాస్టల్లో ఉండి చూస్తుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. చనిపోవాలనే ఆలోచనల గురించి కూడా మాట్లాడతాను. ఇప్పుడు వినే పరిస్థితిలో లేకపోతే ఆపేయండి, తర్వాత చూడొచ్చు.

మాది సూళ్లూరుపేట. ఊరి పేరు చెప్పగానే అందరూ అడిగేది ఒక్కటే, "రాకెట్ మీ ఇంటి మీద నుంచే పోతుందా?" అని. శ్రీహరికోట పక్కనే కాబట్టి మేడ ఎక్కితే కనబడుతుంది, అంతే. మా ఊళ్ళో ఇంకోటి ఉంది, కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి. ఆ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు. మా అమ్మకు మనసు బాగాలేకపోతే పోయి కాసేపు కూర్చుని వస్తుంది. ఎందుకొచ్చావని అక్కడ ఎవరూ అడగరు.

ఈ గుడి సంగతి ఎందుకు చెప్తున్నానంటే, నేను తిరుపతిలో చదివిన కాలేజీలో కూడా ఒక తలుపు ఉండేది. పేరు చెప్పను. దాని మీద "కౌన్సెలింగ్ సెల్" అని బోర్డు. టైమింగ్స్ పది నుంచి ఐదు. ఆ రూమ్ సరిగ్గా ఆఫీసు పక్కనే, ఫీజు కట్టే లైన్ ఎదురుగా. లోపలికి పోతే క్లాసు మొత్తానికి తెలిసిపోద్ది. నా మూడేళ్ళలో ఆ రూమ్‌లోకి పోయిన స్టూడెంట్‌ని ఒక్కడిని కూడా నేను చూడలేదు. అయినా బాధ పది నుంచి ఐదు మధ్యలోనే వస్తుందా, చెప్పండి? అది రాత్రి ఒంటిగంటకి వస్తుంది. ఆ టైమ్‌లో పక్కన ఉండేది కౌన్సెలర్ కాదు, రూమ్మేట్.

ఆ రూమ్మేట్‌ని నేనే.

వాడి పేరు కూడా చెప్పను, వాడు ఒప్పుకున్నాకే ఈ వీడియో చేస్తున్నా. చిత్తూరు వైపు ఒక పల్లె. పన్నెండో క్లాసు దాకా తెలుగు మీడియం. ఇక్కడికొచ్చాక పాఠాలన్నీ ఇంగ్లీషులో. సెకండియర్ వచ్చేసరికి మూడు బ్యాక్‌లాగ్స్. ఫీజు డబ్బులు ఇంకా పడలేదు, కాలేజీ వాళ్ళు అడుగుతా ఉంటారు, ఇంట్లో నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు. మనవాడు మెస్‌కి రావడం మానేశాడు. క్లాసుకి రాడు, పగలంతా నిద్ర. మేమంతా "బద్ధకం రా వీడికి" అని నవ్వేవాళ్ళం.

ఒక రాత్రి లైట్ తీసేశాక చీకట్లో అన్నాడు: "నేను లేకపోతే ఇంట్లో వాళ్ళకి ఒక భారం తగ్గతాది మచ్చా."

నేనేం చేశానో చెప్తా, సిగ్గుగా ఉన్నా సరే. "ఇంతదానికేనా? నీకంటే కష్టాల్లో ఉన్నోళ్ళు లేరా? రేపట్నుంచి పొద్దున్నే లెయ్, గ్రౌండ్‌కి పోదాం, అంతా సెట్ అయిపోద్ది" అన్నా. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సరే, ఎవరికీ చెప్పొద్దు, ప్రామిస్ చెయ్" అన్నాడు. చేశా. అప్పుడు నాకు అదే స్నేహం అనిపించింది.

ఆ తర్వాత మూడు వారాలు నాకు నిద్ర లేదు. వాడు బాత్రూమ్‌కి లేచినా నేను లేచేవాడిని. ఇంటికి ఫోన్ చేసి "బాగున్నా అమ్మా" అని పెట్టేసేవాడిని. ఇంటర్నల్స్ రెండు పోయాయి. వాడి బరువు నేను మోస్తున్నా అనుకున్నా. నిజానికి వాడి బరువు కొంచెం కూడా తగ్గలేదు, నాకూ ఒకటి తయారైంది.

మూడో వారం ఒక రాత్రి వాడు తన క్రికెట్ బ్యాట్ తెచ్చి నా మంచం మీద పెట్టాడు. "నువ్వే ఉంచుకో, నాకు అక్కర్లేదు" అన్నాడు. ఆ బ్యాట్‌ని వాడు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాకు వెన్నులో చలి పుట్టింది. పైఅంతస్తుకి పరిగెత్తి, పీజీ చదివే ఒక అన్నని లేపా. ప్రామిస్ పోయింది.

ఆ అన్న చేసింది చూడండి. క్లాసు పీకలేదు. వాడి పక్కన నేల మీద కూర్చున్నాడు. "తమ్ముడూ, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడిగాడు. వాడు ఏడ్చాడు. అన్న వాడిని ఏడవనిచ్చాడు. అరగంట తర్వాత "ఇంట్లో ఎవరికి చెప్తే నీకు పర్వాలేదు?" అన్నాడు. "అక్కకి" అన్నాడు వాడు. రాత్రి ఒంటిగంటన్నరకి అక్కకి ఫోన్ చేశాం. తెల్లారేదాకా ఇద్దరం వాడిని వదల్లేదు. పొద్దున్న అక్క వచ్చింది, అందరం కలిసి గవర్నమెంట్ ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పోయాం. మందులు, మాటలు, కొన్ని నెలలు పట్టింది.

నాతో రెండు నెలలు మాట్లాడలేదు వాడు. మాట తప్పానని కోపం. భరించాను.

ఓకే, ఇప్పుడు పాయింట్‌కి వద్దాం. మనవాళ్ళు బాధ మొదట చెప్పేది ఫ్రెండ్‌కే. ఆ ఫ్రెండ్‌కి ఏం చెయ్యాలో ఎవరూ నేర్పరు. నేర్చుకోవాల్సింది మూడే మూడు.

ఒకటి, వినడం. సలహా వద్దు, పోలిక వద్దు. "చెప్పు, వింటున్నా" చాలు. సలహా ఇవ్వగానే వాడు నోరు మూసుకుంటాడు, నా రూమ్మేట్ మూసుకున్నట్టే.

రెండు, నేరుగా అడగడం. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని అడిగితే లేని ఆలోచన పుడుతుందని మనకు భయం. అట్లా పుట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇదే చెబుతుంది. అడిగితే చాలామందికి ఊపిరి ఆడుతుంది, ఇన్నాళ్ళకి ఒకరు అడిగారని.

మూడు, రహస్యానికి హద్దు. లవ్ ఫెయిల్యూర్, మార్కులు, ఇంట్లో గొడవలు, ఇవన్నీ నీ దగ్గరే దాచు. ప్రాణం సంగతి అయితే దాచొద్దు. ముందే చెప్పేయ్: "నీ మాట ఎక్కడా చెప్పను, కానీ నీ ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఒక్కరికి చెప్తా, అది కూడా నీతో చెప్పే చేస్తా." ప్రామిస్ ఇట్లా చెయ్యండి. చెప్పేది కూడా పెద్దవాళ్ళలో ఒకరికి. వాట్సాప్ గ్రూప్‌లో కాదు.

ఇది నా సొంత థియరీ కాదు. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ యూనివర్సిటీలో 1970లో నైట్‌లైన్ అని మొదలైంది. శిక్షణ తీసుకున్న స్టూడెంట్స్ రాత్రిపూట ఫోన్ దగ్గర కూర్చుంటారు, వేరే స్టూడెంట్స్ ఫోన్ చేస్తారు. సలహాలు, తీర్పులు ఉండవు, వినడమే పని. తర్వాత చాలా యూనివర్సిటీలు అదే పద్ధతి పట్టాయి.

మన దగ్గరికి వద్దాం. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి 2023 జులైలో చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇస్తూ దేశం మొత్తానికి 15 మార్గదర్శకాలు పెట్టింది. స్కూళ్ళు, కాలేజీలు, యూనివర్సిటీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, అన్నిటికీ. వందమంది లేదా అంతకంటే ఎక్కువ స్టూడెంట్స్ ఉంటే కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలి. అంతకంటే తక్కువ ఉంటే బయటి నిపుణులతో ఏర్పాటు ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి. రేపు కాలేజీకి పోయి గోడలు చూడండి. నంబర్ లేకపోతే మర్యాదగా ఒక లెటర్ రాసి, పదిమంది సంతకాలు పెట్టి ఇవ్వండి. ఇది మీరు అడుక్కునేది కాదు, వాళ్ళు చెయ్యాల్సింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. "స్టూడెంట్సే ఒకరినొకరు చూసుకుంటున్నారు కదా" అని కాలేజీ కౌన్సెలర్‌ని పెట్టకుండా తప్పించుకోకూడదు. మనం వంతెన మాత్రమే. రూమ్ నుంచి డాక్టర్ దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం మన పని. వైద్యం మన పని కాదు. ఆ మూడు వారాలు నేను ఒక్కడినే డాక్టర్ అవ్వాలని చూశా, అందుకే ఇద్దరం మునిగాం. వినే వాళ్ళకి కూడా వినేవాళ్ళు ఉండాలి. ఫ్లోర్‌కి ఇద్దరు ముగ్గురు కలిసి ఉండండి, ఒక్కరే మొయ్యొద్దు.

ఇప్పుడు నంబర్ నోట్ చేసుకోండి. టెలి మానస్, 14416. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీకోసం చెయ్యొచ్చు, ఫ్రెండ్ గురించి ఏం చెయ్యాలో తెలియకపోయినా చెయ్యొచ్చు. ర్యాగింగ్ అయితే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522. రెండూ ఫోన్‌లో సేవ్ చేసుకున్నాకే ఈ పేజీ మూసేయండి, సరేనా?

చివరిగా, మనవాడి సంగతి. బ్యాక్‌లాగ్స్ అన్నీ కట్టుకున్నాడు, ఒక సంవత్సరం లేటుగా పాసయ్యాడు. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. పోయిన ఏడాది ఫోన్ కూడా చెయ్యకుండా సూళ్లూరుపేటలో మా ఇంటికొచ్చాడు. అమ్మ పెట్టిన అన్నం తిన్నాడు. బయల్దేరేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అడిగాడు:

"రేయ్, నా బ్యాట్ ఏది?"

అటక మీద నుంచి దించి, దుమ్ము తుడిచి ఇచ్చా. "గ్రిప్ పోగొట్టావు కదరా" అని తిట్టాడు. అన్నేళ్ళలో నేను పడ్డ తిట్లన్నిటిలో అంత హాయిగా ఉన్నది ఇంకోటి లేదు.

మీ రూమ్‌లో ఎవరైనా నాలుగు రోజులుగా మెస్‌కి రావడం లేదా? ఇప్పుడే పోయి "తిన్నావా?" అని అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.